పసివాడి 24 గంటలు

లక్షాధికారికీ బిచ్చగాడికీ దేవుడు సమానంగా పంచిపెట్టింది ఏదైనా ఉందంటే, అది రోజుకి 24 గంటలు. ఆ 24 గంటల్నీ పెద్దవాళ్ళం మనం ఎలా తగలేసుకున్నా అడిగే నాథుడు లేడు గానీ, నాలుగేళ్ళ పసివాడు తన 24 గంటలూ ఎలా ఖర్చుపెట్టాలో మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 ఏప్రిల్ 24న ఒక పట్టిక వేసి మరీ చెప్పింది.

మూడు, నాలుగేళ్ళ పిల్లలు రోజు మొత్తం మీద 180 నిమిషాలైనా ఒళ్ళు కదిలించాలిట. అందులో 60 నిమిషాలు ఆయాసం వచ్చేలా పరుగులూ గెంతులూ ఉండాలి. రాత్రి నిద్రా పగటి కునుకూ కలిపి 10 నుంచి 13 గంటలు పడుకోవాలి. కదలకుండా కూర్చుని తెర చూడ్డం గంటకు మించకూడదు, తగ్గితే ఇంకా మంచిది. రెండేళ్ళు నిండని పిల్లలకైతే తెర ఊసే వద్దు. పిల్లల్ని తోపుడుబండిలోనో ఎత్తుకుర్చీలోనో పట్టీలు బిగించి ఒకే బిగిన గంటకు మించి ఉంచొద్దు. కూర్చోబెట్టక తప్పని వేళల్లో కథ చెప్పండి, బొమ్మల పుస్తకం చదవండి అంది ఆ పట్టిక.

ఇది చదివి వినిపిస్తే మా పెద్దమ్మ పకపకా నవ్వింది. "ఆడుకోమనీ, నిద్రపొమ్మనీ కూడా దేశదేశాల వాళ్ళు కూడబలుక్కుని చెప్పాల్సొచ్చిందిటే! పొద్దున్నే వాకిట్లోకి వదిలితే మళ్ళీ ఆకలేసినప్పుడు కదుటే మాకు పిల్లలు కనిపించేది!" అంది.

పెద్దమ్మ మాట అక్షరాలా నిజం. కానీ ఆ వాకిలి ఇప్పుడేదీ? అది ఎక్కడికి పోయింది? అది ఖాళీ చేసిన చోట తెర వచ్చి ఎలా కూర్చుంది? పసివాడి ఆటకీ నిద్రకీ వాడి మనసుకీ ఉన్న లంకెని ముందుగా గమనించింది ఎవరు? ఇదంతా రెండు వందల ఏళ్ళ పైచిలుకు కథ. ఆడవాళ్ళం మనం తప్పకుండా తెలుసుకోవలసిన కథ కూడాను. ఎందుకంటే పిల్లవాడు ఫోను పట్టుకుని కనిపించగానే చూసేవాళ్ళ వేలు వెళ్ళేది తల్లివైపే. చరిత్ర చదివితే ఆ వేలు తప్పు దిక్కు చూపిస్తోందని నాకనిపిస్తుంది.

నాలుగేళ్ళవాడికి మనసేమిటి, దానికో ఆరోగ్యమేమిటి అని తీసిపారేయకండి. అడిగింది ఇవ్వకపోతే ఎంతసేపు ఏడుస్తాడు, ఏడుపు మానాక మళ్ళీ ఎంత త్వరగా నవ్వుతాడు, కొత్తవాళ్ళని చూస్తే బెదిరిపోతాడా, తోటిపిల్లలతో కలుస్తాడా, ఒక పని మీద కాసేపైనా నిలుస్తాడా – పసివాళ్ళ మనసు ఆరోగ్యమంటే ఇవే. వాళ్ళు "నాకు దిగులుగా ఉంది" అని చెప్పరు. అన్నం పళ్ళెం తోసేస్తారు.

* * *

కథ స్కాట్లండులో మొదలవుతుంది. న్యూ లానార్క్ అని నూలు మిల్లుల ఊరు. అక్కడ తల్లీ తండ్రీ ఇద్దరూ మిల్లులోకి పోతే నడక వచ్చీరాని పిల్లలు దిక్కులేకుండా తిరిగేవాళ్ళు. కాస్త ఎదిగితే వాళ్ళనీ మిల్లే మింగేసేది. ఆ మిల్లుల యజమానుల్లో ఒకడూ, అక్కడి పెత్తనమంతా చూసేవాడూ అయిన రాబర్ట్ ఓవెన్, పదేళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం మానేసి, 1816 జనవరి 1న పిల్లల కోసం ఒక బడి తెరిచాడు. ఆ రోజుల్లో బడి అంటే బెత్తం. ఓవెన్ పెట్టిన మొదటి నియమమేమో కొట్టకూడదు, తిట్టకూడదు, పసివాళ్ళని పుస్తకాలతో వేధించకూడదు అని. పాట, నాట్యం, ఆరుబయట ఆట – ఇవీ అక్కడి పాఠాలు. పంతుళ్ళుగా ఎవర్ని పెట్టాడనుకున్నారు? చదువు అంతంతమాత్రంగా వచ్చిన ఒక నేతపనివాణ్ణీ, 17 ఏళ్ళ ఒక ఆడపిల్లనీ. వాళ్ళిద్దరికీ పిల్లలంటే ప్రేమా, ఓర్పూ ఉన్నాయి. అంతకు మించిన అర్హత ఆయన అడగలేదు.

ఇక్కడొక మాట మనసులో పెట్టుకోండి. ఓవెన్ తల్లుల్ని "పిల్లల్ని గాలికి వదిలేశారు" అని కోప్పడలేదు. పిల్లలకి ఒక చోటూ, చూసుకోడానికి ఇద్దరు మనుషుల్నీ ఏర్పాటు చేశాడు. ఈ కథలో మళ్ళీ మళ్ళీ జరిగేది ఇదే.

తరవాత జర్మనీకి వెళదాం. ఫ్రెడరిక్ ఫ్రోబెల్ తొమ్మిది నెలల వాడుగా ఉండగానే తల్లి పోయింది. బాల్యమంతా ఒంటరిగా గడిచింది. అమ్మ ఒడి ఎరగని ఆ మనిషే పెద్దయ్యాక పసివాళ్ళ ఆట మీద జన్మంతా ధారపోశాడు. 1837లో బాడ్ బ్లాంకెన్‌బుర్గ్ అనే ఊళ్ళో పసిపిల్లల కోసం ఒక సంస్థ పెట్టి, 1840లో దానికి పేరు పెట్టాడు – కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట. తోట అన్నది ఉత్త పోలిక కాదు. అక్కడ పిల్లలకి నిజంగానే మడులుండేవి. రంగు బంతులు, చెక్క ఘనాలు, పాటలు, గుండ్రంగా తిరిగే ఆటలు. ఆట అంటే పని లేనప్పుడు చేసేది కాదు, పసివాడికి ఆటే పని అన్నాడాయన.

అంత అమాయకమైన తోటని ప్రష్యా ప్రభుత్వం 1851లో నిషేధించింది! కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. ఆయన అన్న కొడుకు కార్ల్ రాసిన రాతల్నీ ఈయన రాతల్నీ కలిపేసి, ఇవన్నీ నాస్తికత్వమూ సామ్యవాదమూ నేర్పే బళ్ళని తేల్చారు. మరుసటేడే, 1852లో, ఆ దిగులుతోనే ఫ్రోబెల్ కన్నుమూశాడు. 1860లో నిషేధం ఎత్తేశారు. ఈరోజు మన వీధి వీధినా ఉన్న "కే.జీ."లో మొదటి అక్షరం ఆయన తోటదే. కానీ లోపలికి తొంగిచూస్తే తోట ఎక్కడా కనిపించదు. మూడేళ్ళవాడి చేతిలో పెన్సిలూ, వీపున సంచీ కనిపిస్తాయి.

* * *

ఆట సంగతి అయింది. మరి విశ్రాంతి?

లండన్‌లో డెప్ట్‌ఫోర్డ్ అని పేదల పేట. రేచెల్, మార్గరెట్ మాక్మిలన్ అని అక్కచెల్లెళ్ళు అక్కడ పిల్లల కోసం ఒక చిన్న వైద్యశాల నడిపేవారు. వాళ్ళకి ఒక విషయం తలనొప్పిగా తయారైంది. మందిచ్చి నయంచేసి పంపిన పిల్ల కొన్నాళ్ళకి మళ్ళీ అదే జబ్బుతో వచ్చేది. ఎండ తగలని ఇరుకు గదులు, దొడ్డికాళ్ళు తెచ్చే రికెట్స్, కడుపు నిండని తిండి, కంటినిండా లేని నిద్ర. ఇవి పోకుండా మందు ఏం చేస్తుంది? అందుకని 1914లో ఆరుబయట ఒక శిశువిహారం మొదలుపెట్టారు. మూడు వైపులే గోడలున్న పాకలు, చుట్టూ తోట. పిల్లలు అక్కడే స్నానం చేసి, అక్కడే తిని, మధ్యాహ్నం చిన్న చిన్న మంచాల మీద గాలి తగిలేలా పడుకునేవాళ్ళు. పసివాడికి పగటి నిద్ర కూడా బడి బాధ్యతే అని అంత పట్టుదలగా చెప్పినవాళ్ళు అంతకుముందు అరుదు. అక్క రేచెల్ 1917లో పోయింది. చెల్లెలు ఆ పని ఆపలేదు.

సరిగ్గా అదే కాలంలో రోము నగరంలో ఇంకో సంగతి జరిగింది. శాన్ లోరెంజో అనే పేటలో కూలివాళ్ళ కోసం ఇళ్ళు బాగుచేసి అద్దెకిచ్చారు. తల్లిదండ్రులు పనికి పోగానే పిల్లలు మెట్ల మీద పడి పరుగెత్తడం, గోడల మీద గీతలు గీయడం. సున్నం కొట్టించిన గోడలు పాడైపోతున్నాయని ఇళ్ళవాళ్ళకి బెంగ. గోడల్ని కాపాడుకోడానికి ఒక గది ఇచ్చి, పిల్లల్ని చూసుకోడానికి ఒక డాక్టరమ్మని పిలిచారు. ఆవిడే మరియా మాంటిస్సోరి. 1907 జనవరి 6న ఆ "పిల్లల ఇల్లు" తెరుచుకుంది. ప్రపంచమంతా పాకిన ఒక విద్యావిధానం సున్నపు గోడల మీది బెంగతో పుట్టిందంటే, వంటింటి గోడ మీద బొగ్గుగీతలు చూసి కళ్ళెర్రజేసే మనకి కాస్త ఊరటే!

అక్కడ మాంటిస్సోరి చూసిన ఒక దృశ్యం ఈ మొత్తం కథకి ఆయువుపట్టని నా ఉద్దేశం. మూడేళ్ళ పిల్ల ఒకతి చెక్కదిమ్మ కన్నాల్లో గుండ్రటి బిళ్ళలు అమరుస్తోంది. తీస్తోంది, మళ్ళీ అమరుస్తోంది. చుట్టూ పిల్లలచేత పాటలు పాడించినా, ఆ పిల్లని కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద పెట్టినా తలెత్తలేదు. అలా 40 సార్లకు పైగా చేసి, తనంతట తనే ఆపింది. అప్పుడు ఆ పిల్ల ముఖంలో అలసట లేదు సరికదా, హాయిగా నిద్రపోయి లేచినట్టు తేటగా ఉందని రాసిందావిడ. అంటే చేతులకి నచ్చిన పని దొరికితే పసివాడికి పనే విశ్రాంతి కూడా అవుతుందన్నమాట. గంటసేపు కదలకుండా ఫోను చూసిన పిల్లవాడి చేతిలోంచి దాన్ని తీసుకున్నప్పుడు వాడి ముఖం ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. ఆ పిల్లా కదలకుండానే కూర్చుంది, వీడూ కదలకుండానే కూర్చున్నాడు. తేడా ఎక్కడుందంటే, అక్కడ పని నడిపింది పిల్ల. ఇక్కడ పిల్లవాణ్ణి నడిపింది తెర.

ఆ మాంటిస్సోరి మన పక్కకీ వచ్చింది. దివ్యజ్ఞాన సమాజంవారు పిలిస్తే 1939లో మద్రాసు అడయారులో దిగి, తాటాకు పాకల్లో దాదాపు 300 మంది ఉపాధ్యాయులకి పాఠాలు చెప్పింది. కొన్ని నెలలుండి పోదామని వచ్చిన మనిషి యుద్ధం వల్ల 1946 దాకా ఇక్కడే చిక్కుకుపోయింది. ఇటలీ శత్రుదేశమైనందున బ్రిటిషువాళ్ళు ఆవిడ కొడుకు మారియోని నిర్బంధించి, 1940 ఆగస్టు 31న, ఆవిడ డెబ్భయ్యో పుట్టినరోజు కానుకగా విడిచిపెట్టారు. కొడైకెనాల్ కొండమీద పిల్లల మధ్య గడిపింది. మన ఊళ్ళలో ఇంటి ముందు బోర్డుల మీద ఆవిడ పేరు కనిపించడం వెనక ఇంత కథ ఉంది.

అంతకుముందే గుజరాతులో గిజుభాయి బధేకా అనే వకీలు, నల్లకోటు వదిలేసి 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం పెట్టాడు. పిల్లల్ని ఆయన చూసుకునే తీరు చూసి జనం ముద్దుగా "మీసాల అమ్మ" అనేవారు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్, ఆవిడ శిష్యురాలు అనుతాయి వాఘ్ 1945లో మహారాష్ట్ర తీరంలో బోర్డీ అనే పల్లెకి వెళ్ళారు. అక్కడ పిల్లలు బడికి రాలేదు. సరే, పిల్లలు బడికి రాకపోతే బడే పిల్లల దగ్గరికి పోతుందని, గూడేల్లో పిల్లలుండే వాకిళ్ళలోనే పాటలూ ఆటలూ మొదలుపెట్టారు. "అంగన్" అంటే వాకిలి. ఆ వాకిటి బడికి తారాబాయి పెట్టిన పేరే అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం 33 చోట్ల ప్రారంభించిన శిశు సంక్షేమ పథకం ఆ మాటని దేశమంతా మోసుకుపోయింది. మా పెద్దమ్మ చెప్పిన వాకిలికీ ఈ వాకిలికీ తేడా లేదు.

* * *

ఇక తెర సంగతి.

తెరకి ముందు మన ఇళ్ళలోకి వచ్చింది గొంతు. మద్రాసు రేడియోలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్య అయి తెలుగు పిల్లలందరికీ తోబుట్టువులయ్యారు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం, 1945లో "బాల" పత్రిక వాళ్ళ చేతుల మీదుగానే వచ్చాయి. ఒక్క సంగతి గమనించండి. రేడియో వింటూ పిల్లవాడు గుజ్జనగూళ్ళు ఆడొచ్చు, ఉయ్యాల ఊగొచ్చు, అమ్మ వొళ్ళో పడుకుని బఠానీలు ఒలవొచ్చు. రేడియో చెవినే అడిగింది. కన్నూ, కాలూ, చెయ్యీ పిల్లవాడికే వదిలేసింది. కథలో రాక్షసుడు ఎంత పొడుగున్నాడో వాడే ఊహించుకునేవాడు. తన భయానికి సరిపడా రాక్షసుణ్ణి తనే తయారుచేసుకునేవాడు కనుక, మరీ బెదిరిపోయేవాడు కాదు.

అంగన్‌వాడీలు మొదలైన ఆ 1975వ సంవత్సరంలోనే, ఆగస్టు 1న, అమెరికా అరువిచ్చిన ఉపగ్రహం సాయంతో మన రాష్ట్రంతో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకి టీవీ వచ్చింది. ఏడాది పాటు జరిగిన ప్రయోగమది. ఊరికి ఒక్క పెట్టె. పొద్దున బడిపిల్లలకి, సాయంత్రం పెద్దలకి. 1977లో హైదరాబాదు దూరదర్శన్ వచ్చింది. పేటకి ఒక టీవీ ఉండే ఆ రోజులు గుర్తున్నవాళ్ళం చాలామందిమి ఉన్నాం. పదిమంది పిల్లలు చాప మీద ఒరుసుకుని కూర్చుని చూసేవాళ్ళు. చూసింది గంటైతే, దాన్ని వీధిలో ఆడుకున్నది నాలుగు గంటలు. అన్నిటికన్నా ముఖ్యం, రాత్రి అయ్యేసరికి ప్రసారాలు ఆగిపోయేవి. ఆ పెట్టె కూడా నిద్రపోయేది!

అమెరికాలో ఈ కథ ఇంకాస్త ముందే మొదలైంది. అక్కడ ఒక మనస్తత్వ శాస్త్రజ్ఞుడి మూడేళ్ళ కూతురు తెల్లవారుజామునే లేచి, ప్రసారాలు మొదలు కాకముందు టీవీలో నిశ్చలంగా కనిపించే గీతల బొమ్మని చూస్తూ కూర్చునేదిట. గీతల్నే ఇంత శ్రద్ధగా చూసేవాళ్ళకి అక్షరాలు చూపిస్తే రావా అన్న ఆలోచన ఆయనకి వచ్చింది. జోన్ గాంజ్ కూనీ అనే ఆవిడతో కలిసి 1969 నవంబరు 10న "సెసమీ స్ట్రీట్" కార్యక్రమం తెచ్చారు. పేదపిల్లలు బడికి వెళ్ళేలోపు అక్షరాలూ అంకెలూ నేర్పాలన్నది ఆశయం. నేర్పింది కూడా, కాదనలేం. అందుకని తెర అంటేనే భూతమని నేననను. ఏం చూపిస్తున్నాం, ఎవరు పక్కన కూర్చున్నారు అన్నవి పెద్ద ప్రశ్నలే.

కానీ మంచి ఆశయం వెనకే బేరం కూడా వస్తుంది. 1997లో చంటిపిల్లల్ని మేధావుల్ని చేస్తామన్నట్టు వీడియోలు అమ్మకానికొచ్చాయి. అమ్ముకున్న సంస్థే 2009లో, కావాలన్నవాళ్ళకి డబ్బు వాపసు ఇవ్వాల్సి వచ్చింది. ఈలోగా 1999లోనే అమెరికా శిశువైద్యుల సంఘం రెండేళ్ళలోపు పిల్లలకి టీవీ వద్దంది. 2016లో కాస్త సవరించి, దూరానున్న అమ్మమ్మా తాతయ్యలతో ముఖాలు చూసుకుంటూ మాట్లాడ్డం పరవాలేదంది. మన దేశపు శిశువైద్యుల సంఘం కూడా 2021లో రెండేళ్ళలోపు వద్దనీ, రెండు నుంచి అయిదేళ్ళ మధ్య గంటకు మించొద్దనీ చెప్పింది.

ఈ మధ్యలో మన పెట్టె నిద్ర మానేసింది. 1990ల్లో కేబుల్ వచ్చి రాత్రింబవళ్ళు వెలిగింది. తరవాత గోడ దిగి అరచేతిలోకి వచ్చింది. 2016 తరవాత చవగ్గా దొరికిన డేటాతో ప్రతి ఇంటికీ చేరింది. 2020 మార్చిలో కరోనా వచ్చి బళ్ళూ పార్కులూ మూసేసినప్పుడు, ఇన్నాళ్ళూ వద్దన్నవాళ్ళమే నర్సరీ పిల్లల్ని తెర ముందు కూర్చోబెట్టి "మిస్‌కి గుడ్ మార్నింగ్ చెప్పు నాన్నా" అన్నాం.

* * *

మరి పిల్లల మనసు మీద దీని ప్రభావమెంత? శాస్త్రజ్ఞులు కొలిచి చూసిన కొన్ని సంగతులు చెబుతాను.

2012లో వచ్చిన ఒక పరిశోధనలో రెండున్నర, మూడేళ్ళ మధ్య పిల్లలు పదిమందికి ఒక రోజు మధ్యాహ్నపు కునుకు లేకుండా చేసి, బొమ్మముక్కలు అమర్చమన్నారు. కుదిరే బొమ్మ అమర్చినప్పుడు రావలసిన సంతోషం తగ్గింది. కుదరని బొమ్మ దగ్గర చిరాకు పెరిగింది. బొమ్మలు అవే, పిల్లలూ వాళ్ళే. పోయింది ఒక్క కునుకు. 2013లో మరొకరు 40 మంది బడి ఈడు రాని పిల్లల్ని చూస్తే, కునుకు తీసిన రోజున పొద్దున నేర్చుకున్నది ఎక్కువ గుర్తుంది. మానేసిన కునుకు నష్టం రాత్రి నిద్రతో కూడా పూడలేదు.

2018లో అమెరికాలోని కొలరాడోలో మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలు పదిమందిని పడుకునే ముందు గంటసేపు బాగా వెలిగే బల్ల మీద ఆడించారు. నిద్రవేళ అయిందని ఒంటికి చెప్పే మెలటోనిన్ సగటున 88 శాతం పడిపోయింది. దీపం తీసేసి 50 నిమిషాలైనా చాలామందిలో కోలుకోలేదు. ఫోను వెలుగు అంత ఉండదు, నిజమే. కానీ పసికళ్ళు వెలుతురికి ఎంత సున్నితమో దీంతో తెలిసింది.

2011లో 60 మంది నాలుగేళ్ళ పిల్లల్లో కొందరికి వేగంగా దృశ్యాలు మారే కార్టూను తొమ్మిది నిమిషాలు చూపించి, కొందరికి నెమ్మదిగా సాగేది చూపించి, కొందరికి రంగులిచ్చి బొమ్మలు వేయమన్నారు. తరవాత మిఠాయి ముందు పెట్టి ఆగమంటే, వేగం చూసినవాళ్ళు మిగతావాళ్ళంత ఆగలేకపోయారు. 2022 చివర్లో వచ్చిన మరో పరిశోధన మూడు నుంచి అయిదేళ్ళ పిల్లల తలిదండ్రులు 422 మందిని అడిగి చూసింది. పేచీ పెట్టినప్పుడల్లా ఫోనిచ్చి ఊరుకోబెట్టే ఇళ్ళలో, ముఖ్యంగా మగపిల్లల్లో, తరవాతి నెలల్లో ఉద్రేకం ఎక్కువగా కనిపించింది.

వీటిని చూసి గుండెలు బాదుకోనక్కర్లేదు. ఇందులో కొన్ని చాలా చిన్న పరిశోధనలు. కొన్ని ఆ పూట ప్రభావాన్నే చెబుతాయి. పైగా సహజంగానే పేచీకోరు పిల్లవాడికి ఫోను ఎక్కువ ఇస్తారు కనుక ఏది ముందో, ఏది వెనకో పూర్తిగా తేలదు. అయితే 2017లో కెనడా, ఆస్ట్రేలియా దేశాలూ, వాటి వెనక ప్రపంచ ఆరోగ్య సంస్థా ఆట, నిద్ర, తెర – ఈ మూడిటినీ విడివిడిగా కాక ఒకే పట్టికలో ఎందుకు పెట్టాయో మనలాంటి ఇల్లాళ్ళకి చటుక్కున అర్థమవుతుంది. నెల జీతం ఒకటే. ఒక పద్దు పెంచితే ఇంకో పద్దులో కోత పడుతుంది. పసివాడి 24 గంటలూ అంతే. తెర ఒక గంట ఎక్కువ తిన్నదంటే అది గాల్లోంచి రాదు. పరుగులోంచో, నిద్రలోంచో, అమ్మతో చెప్పే కబుర్లలోంచో తీసుకుంటుంది. పరుగు లేక ఒళ్ళు అలవదు, ఒళ్ళు అలవక నిద్ర రాదు, నిద్ర చాలక మర్నాడంతా చిరాకు, ఆ చిరాకు ఆపడానికి మళ్ళీ ఫోను. మనం "వీడికి మొండితనం ఎక్కువైంది" అంటాం. వాడి పద్దుల పుస్తకం తిరగేస్తే మొండితనం కాదు, లోటు బడ్జెట్టు కనిపిస్తుంది.

* * *

ఇప్పుడు ఆ వేలు చూపించే సంగతికి వద్దాం.

న్యూ లానార్క్‌లో తల్లి మిల్లులో ఉంది. శాన్ లోరెంజోలో తల్లి పనికి వెళ్ళింది. డెప్ట్‌ఫోర్డ్‌లో తల్లికి ఎండ పడే గది లేదు. బోర్డీలో తల్లి పొలంలో ఉంది. ఈ రోజు ఆఫీసు నుంచి వచ్చి, ఒక చేత్తో కూర కలియబెడుతూ ఇంకో చేత్తో మూడేళ్ళవాణ్ణి పట్టుకునే మన అమ్మాయి, మూడో అంతస్తులో, తలుపు తీస్తే లిఫ్టు తప్ప వాకిలి లేని ఇంట్లో ఉంది. వెనకటి తల్లి పిల్లవాణ్ణి ఒక్కతే పెంచలేదు. అరుగు మీద ముసలమ్మ చూసింది, పక్కింటి పిల్ల చంకనేసుకుంది, పెరట్లో జామచెట్టు కొంత పెంచింది. ఆ పదిమంది చేతులూ పోయి తల్లి చేతులు రెండే మిగిలినప్పుడు, జీతమడగని ఆయాలాగా ఫోను వచ్చి కూర్చుంది. తల్లికి బద్ధకమై ఇచ్చిందని నేననుకోను. చేతులు చాలక ఇచ్చింది.

చరిత్రలో పిల్లలకి నిజంగా మేలు చేసినవాళ్ళంతా చేసిందొక్కటే. తల్లిని తిట్టకుండా పిల్లకి చోటు చూపించారు. మనమూ అదే అడగాలి. అపార్టుమెంటులో కార్లకి గీతలు గీసి చోటిచ్చినట్టే, సాయంత్రం రెండు గంటలు పిల్లలకీ కాస్త చోటివ్వమని సంఘం మీటింగులో అడగాలి. చేర్చబోయే నర్సరీ బడిలో "ఎన్ని రైములు నేర్పుతారు" అని కాక, "పరిగెత్తడానికి చోటెంత? మధ్యాహ్నం పడుకోబెడతారా?" అని అడగాలి. రాత్రి పడుకునే ముందు గంట ఇంట్లో తెరలన్నీ, పెద్దవాళ్ళవి కూడా, ఆపాలి. ఆ గంట నాన్నదీ, తాతయ్యదీ కావాలి. కథ చెప్పడానికి గర్భకోశం అక్కర్లేదు కదా! పేచీ వేళ ఫోనుకి బదులు ఒక గిన్నెడు నీళ్ళో, నాలుగు గరిటెలో, పిసకడానికి కాస్త చపాతీ పిండో ఇచ్చి చూడండి. వంటిల్లు కాస్త ఆగమవుతుంది, అవనివ్వండి. ఇంత చేసినా ఒక పూట తప్పక ఫోనిచ్చారా? ఇవ్వండి. ఒక పూట అప్పుకి ఎవరూ దివాలా తీయరు. రోజూ అదే పద్దు కాకుండా చూసుకుంటే చాలు.

పసివాడికి ఎంత ఆస్తి ఇవ్వగలమో మన చేతిలో లేదు. వాడి వంతుకు వచ్చిన 24 గంటల్లో కొంత మట్టీ, కొంత ఎండా, కడుపునిండా నిద్రా, తన కళ్ళలోకి చూసి మాట్లాడే మనిషీ ఉండేలా చూడ్డం మాత్రం మన చేతిలో ఉంది. మన అంటే అమ్మ ఒక్కతే కాదు. ఇల్లంతా. వీధంతా.